లారీల వెనుక ‘ఓకే’ ఎందుకు?

సంపాదకులకు,

లారీల వెనుక రాతల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం సరదాగా ఉంది. అయితే ‘హారన్ ఓకే ప్లీజ్’లో ఓకే సంగతికి వచ్చేసరికి వ్యాసకర్త విన్నదల్లా రాసేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో కిరోసిన్‌తో నడిపిన లారీల మీద ‘ఆన్ కిరోసిన్’ అని రాసేవారట, అదే ఓకే అయిందట! టాటా వారి ఓకే సబ్బు ప్రకటన అని ఇంకో కథ. ఈ రెంటికీ గట్టి ఆధారం నాకెక్కడా కనపడలేదు.

అసలు ఓకే అనే మాట పుట్టుకకు మాత్రం అచ్చులో సాక్ష్యం ఉంది. 1839 మార్చి 23న అమెరికాలోని ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో అది కనిపించింది. స్పెల్లింగులు కావాలని తప్పుగా రాసి, వాటి పొడి అక్షరాలతో వేళాకోళం చేయడం అప్పట్లో అక్కడి పత్రికలవాళ్లకు ఓ పిచ్చి. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ చేసి, ఓకే అన్నారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను సొంతూరి పేరు కలిపి ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ ఆయన అనుచరులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయినా మాట నిలబడింది. చోక్టా అనే అమెరికా ఆదివాసీ భాష నుంచి వచ్చిందని నమ్మినవాళ్లూ ఉన్నారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలన్నీ తిరగేసి, 1960లలో బోస్టన్ లెక్క తేల్చాడు.

వేళాకోళంగా పుట్టిన ఆ మాట మన రోడ్ల మీద హారన్ మోతకు అనుమతిపత్రమైంది. ఇరుకు రోడ్ల కాలంలో, పక్క అద్దాల్లేని లారీని దాటాలంటే హారన్ కొట్టక తప్పేది కాదు. ఇప్పుడు మా ఊరి పక్కన నాలుగు వరసల రోడ్డు, బండ్లకు రెండు వైపులా అద్దాలు. ఇంకా ఎవర్ని లేపడానికి? ఈ రాత హారన్ కొట్టమని ఎగదోస్తోందనే మహారాష్ట్ర 2015లో దాన్ని నిషేధించింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అలాంటిచోట హారన్ కొట్టడం నేరం. ఆ ముందు నుంచే ‘కొట్టండి, ప్లీజ్’ అని రాసుకుని బండ్లు పోతుంటాయి.

ఫిట్‌నెస్‌కు వచ్చిన ప్రతి లారీ వెనుకా ఆ రాత చెరిపించాకే సర్టిఫికెట్ ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలను కోరుతున్నాను. పనిలో పనిగా ఎయిర్ హారన్లు కూడా పీకించాలి. పెయింటర్ల పొట్ట కొట్టమనడం లేదు. ‘నన్ను చూసి ఏడవకురా’ను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

— ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు, సూర్యాపేట