పోటు వేళ చూసుకుని లెక్కకు వెళ్లండి

అయ్యా,

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్నదే. కొత్త వాలంటీర్లు ఎక్కువగా తప్పేది వేళ దగ్గర. కాకినాడ దగ్గరి కోరింగ బురదమేటల మీద ఆటు వేళ ఉల్లంకులు, అంటే ఒడ్డు బురదలో మేసే పిట్టలు, మైళ్ల పొడవునా చెదిరి ఉంటాయి, బైనాక్యులర్‌కూ ఆనవు. పోటుకు గంటన్నర ముందు వెళితే, నీళ్లు తరుముకొస్తుంటే అవే ఇసుకదిబ్బ మీదికి చేరి ఒత్తుగా నిలబడతాయి. పక్షులు స్పష్టంగా కనపడాలంటే ఎండ మన వీపు మీద పడాలి.

వెయ్యి పక్షుల గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పదింటిని లెక్కించి, అవి ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, దాన్ని వందకు పెంచి, ఆ కొలతతో గుంపంతా చూసుకుపోవాలి. గద్ద తిరిగితే గుంపు లేచి పక్క మేట మీద వాలుతుంది. అక్కడి జట్టు మళ్లీ లెక్కేస్తుంది. లేచిన సమయం, వెళ్లిన దిక్కు రాసుకుంటే ఆ రెండో లెక్క తీసేయవచ్చు.

డెల్టాలో దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, దమ్ము చేస్తున్న చేలను వదలొద్దు. ట్రాక్టర్ వెంట తిరిగే కొంగల్లో పొట్టి పసుపు ముక్కుది పశువుల కొంగ, నల్లముక్కుది చిన్న తెల్లకొంగ. దాని పాదాలు పసుపే గానీ బురదలో కనపడితేగా!

పోల్చుకోలేనిదాన్ని ‘గుర్తు తెలియని ఉల్లంకి’ అనే రాయండి. ఒక్క పిట్టా లేని చెరువుకు సున్నా వేయండి. గడి ఖాళీగా వదిలితే అసలు వెళ్లనే లేదనుకుంటారు.

– ఒక వాలంటీర్, కాకినాడ