ప్రధానోపాధ్యాయుని లేఖ: రాత్రి అన్నం, పొద్దుటి పులిహోర

తల్లిదండ్రులకు నమస్కారములు.

గత వారం మన ఆరో తరగతి విద్యార్థి ఒకరు మధ్యాహ్నం భోజనం చేసిన గంటకే వరుసగా వాంతులు చేసుకున్నాడు. సాయంత్రానికి తేరుకున్నాడు. ఆ క్యారేజీ మూత నేనే తీసి చూశాను: ఆవాలు, పల్లీలు, కరివేపాకు కనిపిస్తున్న నిమ్మకాయ పులిహోర; రంగులో గాని, వాసనలో గాని తేడా లేదు. రాత్రి మిగిలిన అన్నం పొయ్యి గట్టు మీదే ఉండిపోయిందనీ, తెల్లవారి దానికే పోపు పెట్టామనీ ఆ తల్లిగారు దాచకుండా చెప్పారు. పరీక్ష చేయించలేదు కనుక కారణం ఇదేనని తేల్చి చెప్పను గాని, అనుమానం మాత్రం అన్నం మీదికే పోతుంది.

బియ్యంలో సహజంగానే ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా, గట్టి పెంకు వంటి పొర కట్టుకుని బీజరూపంలో ఉడుకును తట్టుకుంటుంది. వండిన అన్నం సుమారు 30 డిగ్రీల వేడిలో, అంటే మన విశాఖ వంటగదిలో సముద్రపు ఉక్కకు రాత్రంతా ఉండే వేడిలో, గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మేల్కొని పెరుగుతూ సీరులైడ్ అనే విషాన్ని వదులుతాయి. పొద్దున్న వేయించినప్పుడు బాక్టీరియా చాలావరకు చచ్చినా విషం చావదు. 121 డిగ్రీల వేడినీ అది తట్టుకుంటుంది. నిమ్మరసం పిండేసరికే అది తయారై ఉంటుంది. కడుపులోకి వెళ్లాక వాంతులను ప్రేరేపించే నరాన్ని రేపుతుంది కనుకనే అర గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి.

బాక్టీరియా అన్నీ ఈ దారినే రావు. కలరా బాక్టీరియా పేగు గోడకు అంటుకుని అక్కడే విషం తయారుచేసి ఒంట్లోని నీటిని పేగులోకి తోడేస్తుంది. ఈ సంగతిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త కుందేళ్ల పేగులపై ప్రయోగించి నిరూపించారు. టైఫాయిడ్ బాక్టీరియా పేగు గోడ దాటి, తనను మింగవలసిన రక్షక కణాల్లోనే కాపురం పెడుతుంది. అందుకే ఆ జ్వరం వారాల తరబడి వదలదు.

చద్దన్నం తిని పెరిగినవాళ్లం కదా అని పెద్దలు అడగవచ్చు. పెరుగు కలిపి పులియబెట్టిన అన్నంలోని పులుపు చాలా బాక్టీరియాను ఎదగనివ్వదు. పొడి అన్నానికి ఆ రక్షణ లేదు.

కనుక మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పలుచగా పరిచి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే పొద్దున్నే వండండి. అందుకు ఆలస్యమైతే బిడ్డ చేతికి చిన్న చీటీ ఇవ్వండి. మొదటి పీరియడ్‌కు ఎవరూ అడ్డు చెప్పరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు