వయబిలిటీ స్కాన్లు ఇక మంగళ, శుక్రవారాల్లోనే

హార్ట్ ఎటాక్ తర్వాత గుండె కండరం ఎంత బతికుందో చూసే వయబిలిటీ స్కాన్‌ను వచ్చే నెల నుంచి వారానికి రెండు రోజులే చేస్తాం. ఇందులో వాడే ఎఫ్‌డీజీ, అంటే గ్లూకోజ్ లాంటిదే అయినా రేడియేషన్ వెలువరించే మందు, మా దగ్గర తయారు కాదు. హైదరాబాద్‌లోని సైక్లోట్రాన్ (ఇలాంటి రేడియేషన్ మందుల కోసం వాడే యంత్రం) నుంచి హన్మకొండకు రోడ్డు మీద రావాలి. దాని రేడియేషన్ శక్తి ప్రతి 110 నిమిషాలకు సగానికి పడిపోతుంది. బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మందు దారిలోనే కరిగిపోతుంది. ఒక్కరి కోసం తెప్పిస్తే ఆ ఖర్చంతా ఆ ఒక్కరి బిల్లులోనే పడుతుంది. నలుగురికి ఒకే రోజు ఇస్తే రేటు పెంచాల్సిన పని ఉండదు.

ముందుగా టెక్నీషియం అనే రేడియేషన్ పదార్థం కలిపిన సెస్టామిబీ ఇంజెక్షన్ ఇచ్చి, 45 నుంచి 60 నిమిషాలు ఆగి, ఆ రేడియేషన్‌ను పట్టే గామా కెమెరాతో బొమ్మ తీస్తాం. కండరంలో ఏ భాగానికి రక్తం అందుతోందో అందులో తెలుస్తుంది. పేగుల్లోకి దిగిన మందు గుండె కింది గోడ పక్కనే మెరుస్తూ అడ్డొస్తే, నీళ్లు తాగించి మళ్లీ తీస్తాం. ఆ తర్వాత, ఎఫ్‌డీజీ ఎక్కడ చేరిందో చూపే పెట్ మిషన్ మీద ఎఫ్‌డీజీ స్కాన్. రక్తం సరిగా అందకపోయినా గ్లూకోజ్ లాగుతున్న చోట కండరం బతికే ఉంది. రెండూ లేని చోట మచ్చ కట్టింది.

చిక్కంతా షుగర్ దగ్గరే వస్తుంది. పరగడుపున గుండె కొవ్వు ఆమ్లాలనే ఎక్కువగా వాడుకుంటుంది, గ్లూకోజ్‌ను పెద్దగా ముట్టుకోదు. అందుకే కనీసం 6 గంటలు ఏమీ తినకుండా వచ్చినవారికి షుగర్ చూసి, గ్లూకోజ్ నీళ్లు తాగిస్తాం. అప్పుడు ఊరే ఇన్సులిన్ వల్ల కండరం గ్లూకోజ్‌కు మళ్లుతుంది. షుగర్ జబ్బు ఉన్నవారిలో ఇది సరిగా జరగదు. పైగా రక్తంలోని గ్లూకోజే ఎఫ్‌డీజీకి పోటీ వస్తుంది. షుగర్ అలా ఉండగానే స్కాన్ తీస్తే బతికున్న కండరం కూడా చచ్చినట్టు కనబడుతుంది, దాన్ని నమ్మి బైపాస్ వద్దనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి డాక్టర్ నరంలోకి కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఇస్తూ, షుగర్ 100-140 మధ్యకు వచ్చాకే ఎఫ్‌డీజీ ఇస్తారు. ఎంతకీ దిగకపోతే ఆ రోజు స్కాన్ చేయం. ఆ డోసు ఖర్చు మేమే భరిస్తాం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మీ అంతట మీరు మానేయకండి. ఏది ఎప్పుడు తీసుకోవాలో ముందురోజు ఫోన్ చేసి చెబుతాం. స్కాన్ అయ్యాక షుగర్ బాగా పడిపోవచ్చు, అందుకే టిఫిన్ తిని, మరోసారి షుగర్ చూపించుకున్నాకే బయల్దేరండి.

ఈ స్కాన్ అందరికీ అక్కర్లేదు. బ్రిటన్‌లో జరిగి 2022లో వెలువడిన రివైవ్డ్ అనే పరిశోధనలో, గుండె పంపింగ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువగా ఉండి, బతికున్న కండరం ఉందని తేలినవారికి స్టెంట్లు వేసినా, మందులతోనే ఉన్నవారికన్నా మరణాలు గానీ, గుండె బలహీనతతో ఆసుపత్రి పాలవడం గానీ తగ్గలేదు. స్కాన్ రిజల్ట్‌తో మీ చికిత్స మారుతుందా అని ముందు మీ కార్డియాలజిస్ట్‌ను అడగండి. మారదంటే మా దగ్గరకు రావాల్సిన పనే లేదు. హార్ట్ ఎటాక్ వచ్చి కొద్ది రోజులే అయి, మూసుకున్న రక్తనాళం ఇప్పటికే తెరిచి ఉంటే, మొద్దుబారిన కండరం కొన్ని వారాల్లో తనంతట తానే కోలుకోవచ్చు. అలాంటివారికి చాలాసార్లు ఎకో మళ్లీ చూస్తే సరిపోతుంది.

వచ్చేటప్పుడు యాంజియోగ్రామ్ సీడీ, తాజా ఎకో రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. సగం రోజు పైనే పడుతుంది, తోడుగా ఒకరు ఉండాలి.