జూన్ 2న ఊరింట్లో కలుద్దాం

పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

తెలంగాణ రాష్ట్ర అవతరణ దినోత్సవమైన జూన్ 2న మనమందరం నల్లగొండ దగ్గరి మన ఊరింట్లో కలుసుకోవాలని పెద్దనాయన, మేనత్తలు నిర్ణయించారు. అప్పటికి రోహిణి కార్తె ఇంకా ముగియదు కనుక, హైదరాబాద్ నుంచి వచ్చేవారు తెల్లవారుజామునే బయలుదేరి ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. బడి దగ్గర జెండా వందనం చూసి వచ్చాక మధ్యాహ్నమంతా వేపచెట్టు నీడనే గడుపుదాం. బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు ఇంట్లోనే వండుతారు. ముంజలు ఊళ్లోనే దొరుకుతాయి కాబట్టి ఎవరూ ఏమీ కొనుక్కురావద్దు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది సాయంత్రం. 1969 ఉద్యమంలో విద్యార్థిగా తిరిగిన పెద్దనాయన ఆ రోజుల సంగతులు స్వయంగా చెబుతానన్నారు; 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో పాల్గొన్న చిన్నాయన, రోడ్డు మీద వంటావార్పులో పొయ్యి వెలిగించిన చిన్నమ్మ కూడా మాట్లాడుతారు. 2014లో మనది దేశంలో 29వ రాష్ట్రంగా ఏర్పడిన తర్వాత పుట్టిన మన పిల్లలకు ఇవన్నీ పాఠంలోని తేదీలుగానే తెలుసు, ఇంటి మనుషుల నోట వినడం వేరు. పెద్దనాయన ఆరోగ్యం దృష్ట్యా దీన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దని నా మనవి. ఆ మాటలను ఎవరైనా ఒకరు ఫోన్‌లో శ్రద్ధగా రికార్డు చేయాలి.

ఎంతమంది వస్తున్నారో మే 28లోగా ఇక్కడే తెలియజేయండి. రాత్రికి ఉండేవారు ఆ విషయం కూడా రాస్తే డాబా మీద పడకలు సిద్ధం చేయిస్తాము.