రిగ్గు పిలిచే ముందు చేను ఒకసారి తిరిగి చూడు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. రెండో బోరు కూడా ఎండిపోయిందంటే మనసంతా పాడైంది రా. మూడోదానికి అప్పు చేస్తానంటున్నావు, చెయ్యొద్దని చెప్పే హక్కు నాకు లేదు. కానీ రిగ్గు బండికి అడ్వాన్స్ ఇచ్చే లోపు చేలో ఉన్న చెట్లను ఒకసారి తీరిగ్గా చూడు. ఇది మూఢనమ్మకం కాదు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే నీళ్లున్నట్టు అనే మాట నేనూ నమ్మను, చెట్టు సంగతి వేరు, దాని వేరు నిజంగానే నీళ్లు తాగుతుంది కదా.

ఈ చూపు మనవాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. ఆరో శతాబ్దంలో ఉజ్జయిని జ్యోతిష్కుడు వరాహమిహిరుడు బృహత్సంహిత అనే తన గ్రంథంలో భూమిలోని నీళ్ల కోసమే ఒక అధ్యాయం రాశాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే దక్షిణం పక్క రెండు పురుషాల లోతున తియ్యటి నీళ్లుంటాయంటాడు. పురుషం అంటే మనిషి చేతులు పైకెత్తి నిలబడినంత ఎత్తు, సుమారు ఏడున్నర అడుగులు. అంటే పదిహేను అడుగులు! ఏ చెట్టుకైనా ఒక కొమ్మ మాత్రమే కిందికి వంగినా పాలిపోయినా దాని కింద మూడు పురుషాలు తవ్వమంటాడు. పుట్ట మాట ఎందుకంటే, దాన్ని కట్టే చెదలకు తేమ లేనిదే బతుకు లేదు, అవి తడి కోసం లోపలికి దిగుతాయి. ఆ దిక్కులూ కొలతలూ మన అనంతపురం రాతినేలకు యథాతథంగా సరిపోతాయని నేననను, ఆ గమనించే పద్ధతి మాత్రం పనికొస్తుంది.

ఇంక నీ చేను. మే నెలాఖరులో, తొలకరికి ముందు వెళ్లు, వానలు పడ్డాక ప్రతి చెట్టూ పచ్చగానే కనిపిస్తుంది. వంక పక్కన మేడి, నేరేడు, ఏరుమద్ది, ఈత ఎక్కడున్నాయో, వాటి మొదట్లో తుంగ, గరిక ఇంకా పచ్చగా ఉన్నాయో లేదో చూడు. ఒక్క చెట్టుని చూసి ఆశపడకు. చుట్టూ అంతా ఎండిపోయి ఉంటే, అడ్డంగా గీత గీసినట్టు వరసగా పచ్చటి చెట్లు కనిపించాయా, దాని మీదే నీ దృష్టి పెట్టు. మనది గ్రానైట్ నేల, నీళ్లు పైనున్న మెత్తబడిన రాయిలోనో, లోపలి పగుళ్లలోనో తప్ప ఇంకెక్కడా ఉండవు, ఆ వరస చాలాసార్లు పగులు పోయే దారే. నల్లరాయి అడ్డుగోడలా పాతుకుపోయి ఉంటే దాని ఎగువ పక్కన నీళ్లు ఆగి, అక్కడ చెట్లు దట్టంగా పెరగడం కూడా ఉంటుంది.

మోసపోయే చోట్లూ ఉన్నాయి. సర్కారు తుమ్మ పచ్చదనాన్ని లెక్కలోకే తీసుకోకు, ఆ జాతి చెట్టు వేర్లు అమెరికాలోని అరిజోనాలో ఒక గని దగ్గర 53 మీటర్ల లోతున కనిపించాయి, అంటే అది పచ్చగా ఉన్నంత మాత్రాన నీళ్లు పైనే ఉన్నట్టు కాదు. వేప ఎంత ఎండనైనా తట్టుకుంటుంది. రావి విత్తనం పిట్ట రెట్టలో పడి గోడ మీద కూడా మొలుస్తుంది, కాబట్టి చిన్న రావి మొక్క ఏమీ చెప్పదు. ఎవరో నాటి నీళ్లు పోసి పెంచిన చెట్టుదీ అంతే, అందుకే మీ నాన్నగారిని పక్కన పెట్టుకుని తిరుగు, ఏది తనంతట మొలిచిందో, పాత మోటబావి ఎక్కడుండేదో ఆయనకే తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. చెట్టు చెప్పేది పైపొర నీళ్ల గురించి. ఎనిమిది వందల అడుగుల కింద పగులు ఉందో లేదో మేడిచెట్టుకు తెలియదు. అందుకే చెట్లను చూసి రెండు మూడు చోట్లు ఎంచుకో, ఆ తర్వాత జియాలజిస్టుని పిలిచి, నేలలోకి కరెంటు పంపి నీటి జాడ చూసే మీటరు పెట్టించు. చేనంతా కాకుండా ఆ చోట్లే పరీక్ష చేయిస్తే ఖర్చు తగ్గుతుంది. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కూడా తీసుకో, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయనివ్వరు.

బోరు పాయింట్ ఎక్కడ తేలినా వంక గట్టున ఉన్న ఆ మేడి, మద్ది చెట్లను కొట్టించకు రా, రిగ్గు బండికి దారి కావాలని వాళ్లు అడుగుతారు, ఇంకో పక్క నుంచి రమ్మను. చెట్ల ఫోటోలు మొదలు దగ్గర నుంచి, దూరం నుంచి రెండూ తీసి పంపు. ఆదివారం ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి.

నీ
రాజు