గురకకి అరపేజీ, దానికి ఒక్క ముక్క లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో నిద్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. పరుపు, దిండు, సెల్‌ఫోన్ వెలుతురు, అన్నీ రాశారు. గురకకైతే బొమ్మతో సహా అరపేజీ ఇచ్చారు. కానీ గురకకి సరిగ్గా అవతలి కొసన వచ్చే చప్పుడు గురించి ఒక్క ముక్క లేదు. రాసినవారు ఒంటరిగా పడుకుంటారు కాబోలు.

నాకు 34 ఏళ్ల అనుభవం. పెళ్లైన కొత్తలో మా ఆయన "నా పంచప్రాణాలూ నువ్వే" అంటే మురిసిపోయాను. ఆ అయిదింట్లో అపానవాయువు కూడా ఒకటని అప్పుడు తట్టలేదు.

వస్తే వచ్చింది, ఒప్పుకోరు. అదీ నా బాధ. "నిద్రలో అన్నీ బంద్ అయిపోతాయి, నీకేదో కల వచ్చి ఉంటుంది" అంటారు. నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, రుజువు లేకుండా వాదించను. దిండు కింద చిన్న నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా ఒక గీత గీశాను. మొదటి రాత్రి మూడు, రెండో రాత్రి అయిదు, మూడో రాత్రి రెండు. రెండో రాత్రి తెల్లవారుజామున వచ్చింది మాత్రం మామూలుది కాదు. టర్రుమని మొదలై, మధ్యలో ఆగి, చివర ప్రశ్న అడుగుతున్నట్టు పైకి లేచింది. ఆయన "ఎవరూ?" అని అడిగి, అటు తిరిగి పడుకున్నారు.

నోటుబుక్కు చూపిస్తే "ఇది నీ దస్తూరీయే కదా" అన్నారు.

అప్పుడు డాక్టరైన మా అమ్మాయిని అడిగాను. 1991లో 'గట్' అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన పంపింది. పదిమంది ఆరోగ్యవంతులకి వచ్చిన గాలిని రోజంతా పట్టి కొలిచారు. మనిషిని బట్టి 24 గంటల్లో అర లీటరు నుంచి లీటరున్నర దాకా తేలింది. మెలకువలో గంటకి 34 మిల్లీలీటర్లయితే నిద్రలో 16. సగానికి తగ్గింది గానీ ఆగలేదు. ఏడు గంటల నిద్రకి 112 మిల్లీలీటర్లు, అంటే సుమారు అర గ్లాసు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. "అంత చప్పుడూ అర గ్లాసుకేనా?" అని, వెంటనే నాలుక కరుచుకున్నారు.

చప్పుడు గాలి ఎంతుందనే దాన్ని బట్టే రాదు. ఎంత బిగువైన సందులోంచి ఎంత వేగంగా వచ్చిందన్నది కూడా చూడాలి. బెలూను మూతి సాగదీసి వదిలితే కీచుమంటుందే, అలాగన్నమాట. అక్కడ ఒకదాని మీద ఒకటిగా రెండు కండరాలు కాపలా ఉంటాయి. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. పగలు నలుగురిలో పరువు కాపాడేది ఆ బయటిదే. నిద్రలో దాని పట్టు సడలుతుంది. కాబట్టి తప్పు మా ఆయనది కాదు, డ్యూటీలో కునుకు తీసే ఆ వాచ్‌మన్‌ది.

ఇక వాసన సంగతి. ఆ గాలిలో నూటికి 99 పాళ్లకు అసలు వాసనే లేదు. మిగిలిన పిసరంత గంధకం సరుకే అంత గొడవా చేస్తుంది. 2004లో వచ్చిన ఇంకో పరిశోధనలో గాఢనిద్రలో ఉన్నవాళ్ల ముక్కు దగ్గర ఘాటైన కంపు పెట్టినా లేవలేదు. చప్పుడుకి మాత్రం లేచారు. పగలు తుస్సుమనేదాన్ని చూసి భయపడాలి, రాత్రి మోగేదాన్ని చూసి. ఈ తేడా మీ డాక్టరు గారు ఎందుకు రాయలేదు? గురక పక్కన ఒక పావుపేజీ దీనికీ ఇవ్వండి. 'ఉదర సంబంధిత అసౌకర్యం' అని మాత్రం వేయకండి, ఎవరికీ అర్థం కాదు.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ, లెక్కల మనిషిని, సగం లెక్క దాచలేను. సెలవులకొచ్చిన మా ఆరేళ్ల మనవడు మా ఇద్దరి మధ్య పడుకున్నాడు. పొద్దున్నే నోటుబుక్కు తీసి ఈ గీతలేమిటని అడిగితే చెప్పాను. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "మరి నీవి ఎక్కడ రాశావు అమ్మమ్మా?" అన్నాడు. తాతయ్యది స్కూటరు స్టార్టు చేసినట్టుంటుందట. నాది సైకిలు ట్యూబులో గాలి తీసినట్టట, "కానీ చాలాసేపు".

మా ఆయన ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగారు. నోటుబుక్కు ఇప్పుడు ఆయన దిండు కింద ఉంది. నాకు మూడు రాత్రులుగా నిద్ర లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు
(పేరు వేయవద్దు. నా దగ్గర చదువుకున్నవాళ్లు మీ పత్రిక చదువుతారు.)