సూరికి, మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) గురించి

ఒరే సూరీ,

ఉత్తరం అందింది. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే దీర్ఘకాలపు జబ్బు, అన్నారని బెంగెట్టుకున్నావు. పూర్తిగా పోయే జబ్బు కాదురా, ఆ మాట దాచను. కానీ ఆయాసం తగ్గించుకోవచ్చు, ఉన్న ఊపిరి కాపాడుకోవచ్చు. బరంపురంలో నీచేత ఊదించిన పరీక్ష స్పైరోమెట్రీ. ఊదిన గాలంతటిలో మొదటి సెకనులో వచ్చిన వాటా, మందు పీల్చాక కూడా 0.70 కన్నా తక్కువుంటే ఊపిరి గొట్టాలు బిగుసుకున్నట్టే.

పంపు అలవాటైపోద్దని మీ పర్లాకిమిడి వీధిలోవాళ్లు భయపెడితే నమ్మకు. మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది, పంపు మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే కొంచెం చాలు. భయపడాల్సింది తప్పుగా పీల్చడానికి. మందు గొంతులోనే ఆగిపోతే, పనిచెయ్యట్లేదని మానేస్తారు.

నీకిచ్చిన రెండు పంపులకీ పీల్చే తీరు వేరు. నొక్కే పంపుని బాగా ఊపు, ఊపిరంతా వదిలెయ్యి, పంపు మూతి చుట్టూ పెదాలు బిగించి, పీల్చడం మొదలెడుతూనే నొక్కు. నెమ్మదిగా 3 నుంచి 5 సెకన్లు లాగి, 10 లెక్కపెట్టేదాకా బిగబట్టు. రెండోసారికి అరనిమిషం ఆగు. చెయ్యీ ఊపిరీ కలవకపోతే పంపుకి తగిలించే స్పేసర్ అనే డొల్ల గొట్టం కొనుక్కో. వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి అలాగే ఆరనియ్యి, గుడ్డతో తుడిస్తే మందు దాని గోడలకే అంటుకుంటుంది. క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడిమందు మాత్రం ఒక్క ఊపున, జోరుగా లాగాలి. అందులోకి ఊదావా, పొడి తడిసి ముద్దవుతుంది. స్టెరాయిడ్ కలిసిన మందైతే పుక్కిలించి ఉమ్మెయ్యి, లేదంటే నోట్లో తెల్లపూత వస్తుంది.

మెట్లెక్కేటప్పుడు ముక్కుతో 2 అంకెలు పీల్చి, ఈల వేసేవాడిలా పెదాలు ముడిచి 4 అంకెలు వదులు. నీకు గాలి లోపలికి పోక కాదు, బయటికి రాక ఆయాసం. అలా వదిలితే గొట్టాలు మూసుకుపోకుండా తెరుచుకునుంటాయి. ఆయాసమొస్తుందని నడక మానకు, కాళ్లలో బలం తగ్గితే ఆయాసం ఇంకా పెరుగుతుంది.

బీడీ పూర్తిగా మానాల్సిందే, రోజుకి రెండే అనే లెక్క వద్దు. పుష్యమాసం చలికి కట్టెలపొయ్యి ముందు కూర్చోకు. ఏడాదికోసారి ఫ్లూ టీకా వేయించుకో. ఎవరింట్లోనో ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదాని తెచ్చి సొంతంగా పెట్టుకోకురా. ఈ జబ్బులో ఆక్సిజన్ ఎక్కువైతే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఒంట్లో పేరుకుంటుంది. అందుకే ఆక్సిజన్ పెట్టినప్పుడు డాక్టర్లు సాధారణంగా రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 88కి 92కి మధ్య ఉంచుతారు. కఫం ఎక్కువై, రంగు పచ్చబడి, ఆయాసం పెరిగితే రెండ్రోజులు చూద్దామనకు, ఆరోజే వెళ్లు.

వెళ్లినప్పుడు రెండు పంపులూ పట్టుకెళ్లి డాక్టరు ఎదుట పీల్చి చూపించు. ఆయన ఏం దిద్దారో రాయి.

నీ
రాము